పిడుగుగారి మీద ఫిర్యాదు

“ఈ ఇంట్లో ఒక ద్రోహి ఉన్నాడు! వాడెవడో తేలేదాకా ఎవరూ గుమ్మం దాటడానికి వీల్లేదు!”

పిడుగుగారు ఇలా గర్జించే సమయానికి ఆయన భార్య స్టూలెక్కి, మూడంతస్తుల కేకు నెత్తిన ఆఖరి క్రీము గులాబీ పెడుతోంది. ఆమె చెయ్యి వణకలేదు. ఇన్నేళ్ళ కాపురంలో భర్త గర్జనలకు ఉలిక్కిపడే అలవాటు ఎప్పుడో వదిలిపోయింది.

“గుమ్మం దాటకపోతే కేకెలా వెళ్తుంది? కిటికీలోంచి ఎగిరిపోతుందా?” అంది, గులాబీ రేకు సర్దుతూ.

వీధిలో ఆమెను అందరూ కేకులావిడ అంటారు. ఆ రోజు ఆమెకు పరీక్ష. ఊళ్ళోకెల్లా పెద్ద హోటలు మేనేజరు, ఊరి బయట తోట బంగళాలో ఇస్తున్న విందుకు ఈ కేకు పంపమన్నాడు. భోజనాల వేళకు చెక్కుచెదరకుండా చేరితే, ఇక మీదట హోటలుకు కావలసిన కేకులన్నీ ఆమే చెయ్యొచ్చు. ఇరుకు వంటింట్లోంచి బయటపడి, తన పేరుతో ఓ దుకాణం తెరవాలన్న ఆశంతా ఆ గులాబీ కింద మూడంతస్తులుగా నిలబడి ఉంది. చేరకపోతే, మళ్ళీ ఈ వంటిల్లే, ఈ స్టూలే, ఈ గర్జనలే.

పిడుగుగారు పగలు నీటి మీటర్ల ఆఫీసులో గుమాస్తా. అక్కడ ఆయన్ని ఎవరూ పట్టించుకోరు. పట్టించుకోవలసినంత పని ఆయన ఎన్నడూ చెయ్యలేదు. ఇంటికి రాగానే మాత్రం కంప్యూటరు ముందు కూర్చుని లోకంలోని ఫోన్లన్నిటినీ ఉద్ధరిస్తాడు. ఎవరైనా వాడుకోండి, ఎవరైనా మార్చుకోండి అని మంచివాళ్ళెవరో వదిలిపెట్టిన ఫోన్ సాఫ్ట్‌వేర్ ఒకటి ఉంది. దాన్ని తీసుకుని, తెర మీద ఎడమ మూలనున్న గడియారాన్ని కుడి మూలకు జరిపి, బొమ్మలకు నిప్పురంగు పూసి, ‘పిడుగు’ అని పేరు పెట్టి ఇంటర్నెట్టులో పంచిపెట్టాడు. ఊళ్ళో సగం ఫోన్లలోకి అదే ఎక్కింది. వాడుకున్నవాళ్ళు మర్యాదకి “పిడుగుగారూ” అన్నారు. ఆ ‘గారూ’ తిన్నగా వెళ్ళి నెత్తికెక్కి కూర్చుంది.

ఆ పొద్దున మెయిల్లో లీగల్ నోటీసొచ్చింది. మ్యాపు యాపూ, మెయిలు యాపూ, ఫోన్ నంబర్లు దాచుకునే యాపూ తయారుచేసే పెద్ద కంపెనీ పంపింది. సాఫ్ట్‌వేర్ అందరిదీ కావచ్చుగానీ తమ యాపులు తమ సొత్తనీ, వాటిని ‘పిడుగు’లో కలిపి పంచడం చట్టవిరుద్ధమనీ, తమకు అందిన ఫిర్యాదు మేరకు ఈ నోటీసు ఇస్తున్నామనీ అందులో ఉంది. పిడుగుగారు ‘చట్టవిరుద్ధం’ అన్న మాటను దాటేసి, ‘ఫిర్యాదు’ అన్న మాట దగ్గర ఆగిపోయాడు.

“ఎవడో నా వెనక గోతులు తవ్వాడు! నువ్వేనా?”

“నాకు గోతులు తవ్వే తీరికెక్కడుంది? పొద్దున్నించీ గుడ్లు కొట్టడమే సరిపోయింది.”

“మరైతే ఆ ఉరుముగాడా?”

ఉరుముగాడంటే ఇంకో మహానుభావుడు. పిడుగుగారి పిడుగును గడియారంతో సహా ఎత్తేసి, ‘ఉరుము’ అని పేరు మార్చి పంచుతున్నవాడు.

కేకులావిడ తమ్ముడు వ్యాను తాళాలు తిప్పుకుంటూ లోపలికొచ్చాడు. అక్క కేకులు చేరవేసేది అతనే. ఆ ఇంట్లోనే ఉంటాడు. “వాడెందుకు చేస్తాడు బావా? పోయిన వారమే కంపెనీవాళ్ళు వాడి పేజీ మూయించేశారుగా.”

“తగిన శాస్తి!” అన్నాడు పిడుగుగారు. ఒక్క క్షణం మొహం వెలిగిపోయింది. తర్వాత కళ్ళు చిన్నవయ్యాయి. “కంపెనీ సంగతులు నీకు బాగానే తెలుసే!”

“తెలీకేం? నేనే వాళ్ళకి ఫోన్ చేశాను కదా.”

పిడుగుగారు అతని మీదికి ఒక అడుగు వేశాడు.

“అంటే... మ్యాపులో గొంతు పలకట్లేదు బావా. ఎడమకి తిరగాలో కుడికి తిరగాలో చెప్పట్లేదు. కస్టమర్ కేరుకి ఫోన్ చేసి, మా బావ చేసిన ఫోన్లో మీ మ్యాపు మూగబోయిందీ, కాస్త చూడండి అన్నాను.”

“దొరికాడు ద్రోహి!” పిడుగుగారు స్టూలు కాలు తన్నాడు. కేకులావిడ గోడ పట్టుకుని నిలదొక్కుకుంది. “పెట్టె సర్దుకో! సాయంత్రానికల్లా ఇల్లు ఖాళీ చెయ్యి!”

‘ఇల్లు ఖాళీ’ అన్న మాట చెవిన పడగానే వీధి గుమ్మంలో ఒక కర్ర టకటకమంది. పిడుగుగారి లాయరు బాబాయి. జీవితమంతా అద్దె ఇళ్ళ కేసులే వాదించిన మనిషి. వేరే చట్టాలు ఉన్నాయని విన్నాడుగానీ, వాటి జోలికి పోలేదు. నోటీసు సంగతి చెప్పి రమ్మన్నది పిడుగుగారే.

“విన్నానురా నోటీసు సంగతి. చిన్న విషయం,” అన్నాడు బాబాయి, కుర్చీలో కూలబడుతూ. “నీ సాఫ్ట్‌వేర్ ఒక ఇల్లనుకో. అది అందరిదీ. గోడలకు రంగులేసుకో, గదులు కలుపుకో, అడిగేవాడు లేడు. లోపలున్న బీరువా మాత్రం కంపెనీది. నువ్వు బీరువాతో సహా ఇళ్ళు పంచిపెట్టావు.”

“ఇప్పుడేం చెయ్యమంటారు బాబాయ్?”

“సామాను బయట పెట్టేయ్. ఎవరి సామాను వాళ్ళకి అప్పజెప్పాక ఇక గొడవేముంటుంది?”

కేకులావిడకు ఏదో అనుమానం తగిలింది. “ఆగండి, ముందు కేకు...” అంటూ స్టూలు దిగేలోపే పిడుగుగారు కంప్యూటరు మీద మీట నొక్కేశాడు. పిడుగు వాడే ప్రతి ఫోనుకూ, అడక్కుండా దానంతటదే ఎక్కేసే కొత్త అప్‌డేటు వెళ్ళింది. అడిగితే జనం వద్దంటారన్న భయంతో ఆయన చేసుకున్న ఏర్పాటది. కంపెనీ యాపులన్నీ తుడిచిపెట్టుకుపోయాయి.

కేకులావిడ ఫోన్ తీసి చూసింది. మ్యాపు లేదు. మేనేజరు పంపిన దారి లేదు. మేనేజరు నంబరూ లేదు. అసలు ఎవరి నంబరూ లేదు. తెర మీద నిప్పురంగు గడియారం ఒక్కటే, కుడి మూలన, టైము దాటిపోతోందని చెబుతోంది.

“బంగళా ఎక్కడక్కా?” అన్నాడు తమ్ముడు.

“నాకేం తెలుసురా? ‘లొకేషన్ పంపానుగా’ అన్నాడాయన.”

“హోటలుకి ఫోన్ చెయ్యి.”

“ఏ నంబరుకి? హోటలు ఊరికి ఆ చివర, వెళ్ళి అడిగొచ్చే టైమూ లేదు. మీ బావగారు బీరువాతో పాటు ఊరంతా అప్పజెప్పేశారు!”

వ్యాను కదిలింది. తమ్ముడు నడుపుతున్నాడు. పక్కన బాబాయి. ఆయన మీటల ఫోన్ ఒక్కటే పిడుగు తగలకుండా బతికింది. దాంతో కంపెనీ లాయర్లకు పొద్దున్నించీ ఫోన్ చేస్తున్నాడు, వాళ్ళు సంగీతం వినిపిస్తున్నారు. ఆ సంగీతానికే ఆయనకు కునుకు పట్టింది. వెనక కేకును కావలించుకున్నట్టు కేకులావిడ. ఆమె ఎదురుగా, ద్రోహి పారిపోకుండా కాపలాగా, పిడుగుగారు.

“స్వేచ్ఛ అంటే ఏంటో మీ అక్కాతమ్ముళ్ళకి తెలీదు,” అన్నాడాయన. “నేను జనానికి స్వేచ్ఛనిచ్చాను.”

“ఇచ్చారుగా. ఇప్పుడు ఎటు కావాలంటే అటు పోవచ్చు. దారే తెలీదు. ఆ అట్ట పట్టుకోండి, క్రీము మీద దుమ్ము పడుతోంది.”

దారిలో అడిగిన ప్రతివాడూ జేబులోంచి ఫోన్ తీసి, “లొకేషన్ పంపమనండి” అన్నాడు. పుట్టినప్పటినుంచీ అదే ఊళ్ళో ఉన్నవాళ్ళకు కూడా మూడు సందుల అవతల ఏముందో తెలియదు. చివరికి కుర్చీలూ బల్లలూ నింపుకున్న లారీ ఒకటి కనిపించింది. విందుకే పోతోందని తమ్ముడు దాన్ని పట్టుకున్నాడు. లారీ తిరిగినచోటల్లా తిరిగాడు. ఒకే పెట్రోలు బంకు మళ్ళీ మళ్ళీ ఎదురవుతుంటే అనుమానమొచ్చి, పక్కకు పోనిచ్చి అడిగాడు.

“బంగళాకేనా అన్నా?”

“అవునండీ,” అన్నాడు లారీ డ్రైవరు కృతజ్ఞతగా. “పొద్దున్నే నా ఫోన్లో మ్యాపు పోయింది. కేకు కనబడిందని మీ వెనకే తిరుగుతున్నా.”

కూడలి చుట్టూ ఒకరి వెనక ఒకరు తిరుగుతున్నారన్నమాట. కేకులావిడకు ఏడుపొచ్చింది. ఏడిస్తే చేతులు వణుకుతాయి, చేతులు వణికితే కేకు ఒరుగుతుంది. అందుకని ఏడవలేదు. కళ్ళు మూసుకుని మేనేజరు మాటలు గుర్తుచేసుకుంది.

“గేటు దగ్గర ఏవో రాతి గుర్రాలున్నాయన్నాడు...”

ముందు సీట్లో బాబాయి చటుక్కున లేచి కూర్చున్నాడు. “రాతి గుర్రాలా! ఆ గుర్రాలు ఓనరువా, అద్దెకున్నవాడివా అని సగం జీవితం కేసు నడిపాను! పోనియ్ ఎడమకి!”

“ముందే చెప్పొచ్చుగా బాబాయిగారూ?”

“నన్నెవరడిగారమ్మా?”

మలుపుల్లో లారీ వెనకబడిపోయింది. వాళ్ళు చేరేసరికి బంగళా బోసిగా ఉంది. మేనేజరు గుర్రాల మధ్య నిలబడి తన ఫోన్‌ను అరచేత్తో కొడుతున్నాడు. కేకు దిగింది. మూడంతస్తులూ నిటారుగా ఉన్నాయి, గులాబీ నవ్వుతోంది. మేనేజరు దాన్ని చూసి దాదాపు దణ్ణం పెట్టాడు.

“అమ్మా, ఇవాళ వేళకి వచ్చింది మీరొక్కరే. అతిథులు దారి తప్పారు, వంటవాళ్ళు దారి తప్పారు. పిలుద్దామంటే నా ఫోన్లో నంబర్లు లేవు. మీరెలా వచ్చారో తెలీదుగానీ, ఇక మా కేకులన్నీ...” అంటూ తమ్ముణ్ణి చూసి ఆగాడు. “నువ్వు! పోయిన నెల నా ఫోన్లో ఆ నిప్పుబొమ్మలు ఎక్కించింది నువ్వే కదూ?”

తమ్ముడు వ్యాను తాళాలు వెనక్కి దాచుకున్నాడు. “మా బా... ఊరికే, బాగుంటుందని...”

“వీడేనండీ!” పిడుగుగారు ముందుకు దూకాడు. “ఈ గందరగోళానికంతటికీ వీడే మూలం. నా బావమరిది. కంపెనీకి మమ్మల్ని పట్టించిన ద్రోహి!”

మేనేజరు కేకులావిడ వైపు తిరిగాడు. గొంతు చల్లబడింది. “ఇతను మీ తమ్ముడా? మీ సరుకు తెచ్చేది ఇతనేనా? అయితే ఈ విషయం నేను కాస్త ఆలోచించుకోవాలమ్మా.”

దుకాణం అక్కడే, ఆ గుర్రాల కాళ్ళ దగ్గరే, కూలిపోతున్నట్టనిపించింది ఆమెకు. తమ్ముణ్ణి వదిలేస్తే ఆర్డరు దక్కుతుంది. ఆమె తమ్ముడి భుజం పట్టుకుని పక్కన నిలబడింది. “వాడు లేకపోతే ఈ కేకు ఇక్కడికొచ్చేది కాదండి.”

సరిగ్గా అప్పుడు బాబాయి జేబులో సంగీతం ఆగి, ఒక ఆడగొంతు పలికింది. చెవులు మందగించిన మనిషి కాబట్టి ఆయన ఫోన్ ఎప్పుడూ స్పీకరులోనే ఉంటుంది.

“హలో, కంపెనీ లీగల్ విభాగం. ఇంతసేపు ఆగినందుకు క్షమించాలి.”

“అమ్మా, ఒక్కటే ప్రశ్న. మీరు పొద్దున నోటీసు పంపిన మా అబ్బాయి మీద ఫిర్యాదు చేసిందెవరు? వాడి బావమరిదేనా?”

“మ్యాపు మాట్లాడట్లేదన్న అబ్బాయా? కాదండీ. గొంతు పెంచుకోమని చెప్పి ఆయన ఫోన్ పెట్టేశాం. ఇది ‘ఉరుము’ మీద వచ్చిన ఫిర్యాదు.”

పిడుగుగారు దగ్గాడు. “ఇక వదిలేద్దాం బాబాయ్. ఎండగా ఉంది.”

“ఉండరా. చెప్పమ్మా.”

“ఒక పెద్దమనిషి ఫోన్ చేసి, ఉరుములో ఉన్నదంతా దొంగసరుకే, తన దగ్గర దొంగిలించిందే అన్నారు. మా మ్యాపుతో సహా ప్రతి ముక్కా మొదట పెట్టి పంచింది తానేననీ, ఆ ఘనత ఇంకెవరికీ దక్కకూడదనీ చాలాసేపు వాదించారు. రుజువులు కూడా చెప్పారు. మేమింకేమీ వెతుక్కోనక్కర్లేకపోయింది.”

“ఆ పెద్దమనిషి పేరేంటమ్మా?”

“పిడుగు అన్నారు. ‘గారు’ కూడా కలిపి రాసుకోమన్నారు.”

మేనేజరు అందరి మొహాలూ చూశాడు. “ఎవరండీ ఈ పిడుగుగారు?”

కేకులావిడ తమ్ముడి భుజం వదల్లేదు. రెండో చేతి వేలు చాచింది. దాని కొసన ఇంకా క్రీముంది.

“ఈయనేనండీ. మా ఆయన.”

మేనేజరు ఆ వేలు చూపిన దిక్కుకు చూసి, తలూపి, ఇక మీదట కేకులన్నీ ఆ తమ్ముడి చేతే పంపమన్నాడు. బాబాయి ఫోన్ జేబులో పెట్టుకుని, ఇంత తేలిగ్గా రాజీ కుదిరే కేసు తన సర్వీసులో రాలేదన్నాడు. ఫిర్యాదుదారూ, ముద్దాయీ ఒకే చొక్కాలో ఉన్నారు మరి.