మంట మొహం చూడని ఫైరింజన్ అమ్మబడును

ఫైరింజన్ ఉన్నది మంటలార్పడానికని ఎవరు చెప్పారండీ మీకు? ఒట్టి అపోహ! అది పదిలంగా దాచుకోవడానికి!

మా ఫైర్ స్టేషన్ ఆఫీసరుగారు ఈ సత్యాన్ని ఏనాడో గ్రహించారు. నలభై ఏళ్ల నాటి ఫోర్ వీల్ డ్రైవ్ ఫైరింజన్ని అమ్మకానికి పెట్టి పేపర్లో వేయించారు: "వింటేజ్ బండి. తిరిగింది బహు తక్కువ. ఒక్క గీత పడలేదు."

ఎందుకు పడుతుంది? షెడ్డు దాటితేగా!

ఆ బండికి ఇరవై రెండేళ్లుగా ఒక డ్రైవరున్నాడు. పొద్దున్నే బండి తుడిచి, ఇంజన్ స్టార్ట్ చేసి, చెవి పెట్టి విని, ఆపేయడం ఆయన ఉద్యోగం. ఫోన్ మోగితే తాళం కోసం పరిగెత్తేవాడు. తాళం ఆఫీసరుగారి సొరుగులో. సొరుగు తెరవాలంటే పైవాళ్ల సంతకం. అదొచ్చేలోపు మంటలే పాపం విసుగెత్తి ఆరిపోయేవి. ఎంత క్రమశిక్షణ! కలప అడితి బూడిదైన రోజున మాత్రం ఆయన గేటు దగ్గర కూలబడి అన్నం ముట్టలేదు. మరీ సున్నితం, ఏం చేస్తాం!

ప్రకటన చూసి ఒక హోటల్ యజమాని వచ్చాడు. ఈతకొలను పక్కన పెడితే జనం ఫోటోలు దిగుతారట. ట్రయల్ కోసం ఆఫీసరుగారు స్వహస్తాలతో తాళం తీసిచ్చారు.

డ్రైవరూ, పక్కసీట్లో హోటలాయనా గేటు దాటారో లేదో, గుట్ట మీది కాలనీలో నల్లటి పొగ.

"గట్టిగా పట్టుకోండి సార్," అన్నాడు డ్రైవర్.

"ఎక్కడికయ్యా?"

"ఫోర్ వీల్ డ్రైవ్ చూపించమన్నారుగా!"

రాళ్ల దారిలో బండి మేకపిల్లలా ఎక్కేసింది. అక్కడ ఒక టైలరమ్మ ఇంటి ముందుగది భగభగ మండుతోంది. ఆవిడ తల్లి మంచం పట్టి వెనకగదిలో ఉందని జనం అరుస్తున్నారు. డ్రైవర్ పంపు ఆన్ చేసి, పైపు హోటలాయన చేతిలో పెట్టి, తడిదుప్పటి కప్పుకుని లోపలికి దూరాడు. ముసలావిణ్ణి భుజాన వేసుకుని బయటపడ్డాడు.

"మనకి ఫైరింజనుందా నాయనా?" అందావిడ దగ్గుతూ.

ఆయన హోటలాయన చేతిలోంచి పైపు అందుకుని మిగిలిన మంట ఆర్పాడు.

ఇక బేరం సంగతంటారా? రంగు మీద మసి, బంపరుకి సొట్ట. "నాకు ఫోటోలకు కావాలండీ, పనికి కాదు," అని హోటలాయన తడిబట్టలతోనే వెళ్లిపోయాడు. నలభై ఏళ్ల పదిలం ఒక్క పూటలో మంటగలిసింది!

అనుమతి లేకుండా గుట్టెందుకు ఎక్కావో రాసివ్వమని డ్రైవరుకి ఫారమిచ్చారు. ఆయన రాసిందొక్కటే: "ఇల్లు కాలుతోంది. వెళ్లాను."

మర్నాడే ఫారం వెనక్కొచ్చింది. బండి బయటికి తీయడానికి ఒప్పుకోదగ్గ కారణాలకు అందులో నాలుగే గడులు అచ్చయ్యాయట: సర్వీసింగ్, పరేడ్, పెద్దల పర్యటన, అమ్మకం.

ఆయన చెప్పిన కారణానికి గడే లేదు!