యువరాజు వీర్యపరీక్ష

ఆ ఉదయం పశువీర్య కేంద్రం కాపరి వేసుకున్న పథకం చిన్నదే. తాను సాకుతున్న ఆబోతు యువరాజుకు స్నానం చేయించి, ఒళ్లంతా నూనె రాసి నిగనిగలాడించి, అక్కడి ల్యాబులో ఏటా జరిగే వీర్యపరీక్ష నెగ్గించుకుని, మధ్యాహ్నానికల్లా అందరి ముందూ మీసం మెలేయాలి. పరీక్ష తప్పితే కేంద్రం ఆబోతుల జాబితాలోంచి పేరు కొట్టేసి యువరాజును అమ్మేస్తారు. కానీ యువరాజు తప్పడమా? ఆ మాట అన్నవాడి నోరు పడిపోను!

మైక్రోస్కోప్‌లో చూసిన ల్యాబ్ మేడం ముఖం చిట్లించింది. "కణాలు సరిగ్గా ఈదడం లేదు. సగానికి తోకలే వంకర."

"మావాడికా? మీ అద్దానికే మసి పట్టిందమ్మా!" అంటూ కాపరి భుజం మీది తువ్వాలు తీసి, ఆమె వద్దనేలోపే లెన్సు తుడిచేశాడు. పొద్దున యువరాజుకు నూనె రాసిన తువ్వాలు అది.

సరిగ్గా అప్పుడే మేనేజర్ వచ్చి మైక్రోస్కోపులోకి తొంగిచూశాడు. అంతా మసకే. "ఒక్క కణం కూడా లేదే!" అని అక్కడికక్కడే లారీకి ఫోన్ చేశాడు.

కాపరికి పై ప్రాణాలు పైనే పోయాయి. గుమ్మానికి అడ్డంగా చతికిలబడ్డాడు. "కావాలంటే నన్ను అమ్మేయండి సార్, వాణ్ణి మాత్రం పంపకండి!"

"నిన్ను కొనేదెవరయ్యా?" అన్నాడు మేనేజర్.

మేడం లెన్సు శుభ్రం చేసి, మళ్లీ చూసి, తాపీగా అడిగింది. "పోయిన నెల దీనికి జ్వరం గానీ వచ్చిందా?"

"జ్వరమా? కంటికి రెప్పలా చూసుకున్నానమ్మా! చలికి పాపం వృషణాలు ముడుచుకుపోతున్నాయని, మా ఆవిడ చేత ఊలు సంచి అల్లించి పది రోజులు తొడిగాను కూడా!" ఛాతీ విరుచుకుని చెప్పాడు కాపరి.

మేడం నవ్వాపుకోలేక కుర్చీ పట్టుకుంది. "ఒంటికన్నా నాలుగైదు డిగ్రీలు చల్లగా ఉండాలనే కదయ్యా అవి బయట వేలాడేది! గుండ్రటి కణం విడిపోయి విడిపోయి, తోక మొలిచి, ఈత నేర్చి బయటికి రావడానికి రెండు నెలలు పడుతుంది. నీ సంచి వేడికి మధ్యలో చెడినవే ఇవాళ వచ్చాయి. సార్, లారీని వెనక్కి పంపండి. రెండు నెలలు ఆగితే కొత్తవి తయారవుతాయి."

మేనేజర్ సణుగుతూనే గడువిచ్చాడు.

రెండు నెలలకు మళ్లీ పరీక్ష జరిగింది. కేంద్రంలోని ఆబోతులన్నిటిలోకీ యువరాజే మొదటివాడు. కాపరి సంతోషానికి పట్టపగ్గాల్లేవు. రిపోర్టుకు ఫ్రేము కట్టించి, వచ్చేపోయేవాళ్లందరికీ కనబడేలా ఇంటి ముందుగదిలో తగిలించాడు.

కొడుకు డిగ్రీ పట్టా మాత్రం ఇంకా బీరువాలోనే ఉంది.