పన్నెండో సీటు: ఖాళీ

ఒక పెద్ద అడవిలో ఒక చిన్న వైద్య కళాశాల, దాని చుట్టూ దానికంటే పెద్ద కోచింగ్ సెంటర్లు ఉండేవి. సీట్లు నలభై. పరీక్ష రాసేవాళ్ళు నలభై వేలు. సీటు రానివాళ్ళు ఇంకో ఏడాదిపాటు అవే ప్రశ్నలు బట్టీపట్టేవారు. దాన్ని లాంగ్ టర్మ్ అనేవారు. ఆ అడవిలో పిల్లలు ఏడాది ఆగడమంటే అదొక్కటే. వేరే కారణంతో కూడా ఎవరైనా ఆగుతారన్న ఊహ ఎవరికీ రాలేదు. అది సిలబస్‌లో లేదు మరి.

అలాంటి చోట ముంగిస పిల్ల పింగళకి పన్నెండో ర్యాంకు వచ్చింది. కోచింగ్ సెంటరు వాళ్ళు ఆమె ఫొటోతో ఫ్లెక్సీ కట్టారు. ఒకసారి తమ గుమ్మంలో మంచినీళ్ళు తాగింది కాబట్టి పక్క సెంటరు వాళ్ళు కూడా అదే ఫొటోతో ఇంకోటి కట్టారు. తండ్రి నాగాంతకం అడవంతా తిరిగి లడ్డూలు పంచాడు.

లడ్డూలు అయిపోయిన సాయంత్రం పింగళ చల్లగా చెప్పింది.

"నాన్నా, నేను ఈ ఏడాది చేరను. వచ్చే ఏడాది చేరతాను."

తల ప్రాణం తోకకి రావడమంటే ఏమిటో నాగాంతకానికి అప్పుడు తెలిసింది.

"సీటు రానివాళ్ళు ఆగుతారే! వచ్చినవాళ్ళు ఆగుతారా?"

"ఎవర్నైనా ప్రేమించావేమిటే?" అంది తల్లి గుండె పట్టుకుని.

పక్క చెట్టు మీది చిలకత్త తొర్రలోంచి తల బయటపెట్టింది. "ఇంతకీ సీటే వచ్చిందా వదినా, ఫ్లెక్సీ మాత్రమే వచ్చిందా?"

అసలు సంగతి వేరు. మొన్న నాన్న కాలికి ముల్లు గుచ్చుకుని రక్తం వస్తే పింగళ కళ్ళు తిరిగి పడిపోయింది. రక్తం గురించి రెండు వందల ప్రశ్నలకి జవాబు చెప్పగలదు, రక్తాన్ని మాత్రం చూడలేదు. ఆ మాట చెప్పుకోవడానికి సిగ్గేసింది. చెప్పకుండా డాక్టరైపోవడానికి ఇంకా భయమేసింది. చివరికి చెప్పేసింది.

"వాగు అవతల కొండముచ్చు మందాకమ్మ గారు దెబ్బలు తగిలినవాళ్ళని చూసుకుంటారు కదా. ఆవిడ దగ్గర ఏడాది పనిచేస్తాను నాన్నా. తట్టుకోగలిగితే డాక్టరు చదువుతా, లేకపోతే మానేస్తా."

"రక్తం చూసే ఖర్మ డాక్టర్లకెందుకే? కాంపౌండర్లు చూస్తారు!" అన్నాడు నాగాంతకం. అయినా ముంగిస పట్టు పట్టిందంటే వదిలితేనా? అందులోనూ తన కూతురే.

మర్నాడు పింగళ కళాశాల ఆఫీసుకి వెళ్ళింది. అక్కడ రిజిస్ట్రారు బకనాథం అనే కొంగ. ఒంటికాలి మీద నిలబడి, కళ్ళు మూసుకుని పనిచేస్తాడు. అందుకని మహా నిజాయితీపరుడని పేరు.

"సెలవుకి మూడే కారణాలమ్మా. జబ్బు, పెళ్ళి, చావు. నీదేది?"

"మూడూ కాదండి. పని నేర్చుకోడానికి."

"చదువుకి ముందే పని నేర్చుకుంటే ఇక మేమెందుకు?" అన్నాడు బకనాథం. తర్వాత ఏమనుకున్నాడో, ఒక కన్ను తెరిచాడు. "పోనీలే, చిన్నపిల్లవి. ఈ ఏడాది కాలేజీ లెక్కలో నువ్వేమిటి? చదువుతున్నావా, ఖాళీయా?"

"ఖాళీ అనే అనుకోండి."

"ఆ మాటే రాసి సంతకం పెట్టు తల్లీ."

'ఈ సంవత్సరం ఖాళీ' అని రాసి పింగళ సంతకం పెట్టింది. ఆమె భాషలో ఖాళీ అంటే తీరిక. ఆఫీసు భాషలో ఖాళీ అంటే భర్తీ చేయవలసినది. మధ్యాహ్నానికల్లా పన్నెండో సీటు భర్తీ అయిపోయింది. ప్రిన్సిపాలు ఎలుగుబంటి భల్లూకేశ్వరం గారి ఏకైక పుత్రుడు ముద్దుబాబు అందులో కూర్చున్నాడు. మూడు లాంగ్ టర్ములు చేసి తన ర్యాంకుని ఎనిమిది వేల నుంచి ముప్పై వేలకి పెంచుకున్న కుర్రాడతను. సాయంత్రానికి బకనాథం పదవీకాలం రెండేళ్ళు పొడిగించారు.

ఇదేమీ తెలియని పింగళ వాగు దాటింది. మొదటి రోజే మూడుసార్లు పడిపోయింది. మందాకమ్మ మొహాన నీళ్ళు కొట్టి, "పడిపో తల్లీ, పరవాలేదు. గాయం మీద మాత్రం పడకు" అంది.

వానలు మొదలయ్యేసరికి రోజుకి ఒక్కసారే పడేది. చలికాలానికి కాసేపు కూలబడి, ఊపిరి పీల్చుకుని మళ్ళీ లేచేది. ఎండలు ముదిరాక ఒక దుప్పి తొడలో దిగిన కర్రపేడు మందాకమ్మ లాగితే, పింగళ గాయాన్ని అదిమిపట్టి, రక్తం ఆగేదాకా దుప్పికి కబుర్లు చెప్పింది. తర్వాత వాగులో చేతులు కడుక్కుంటూ సంతోషం పట్టలేక ఏడ్చేసింది. 'నేను డాక్టర్ని కాగలను' అనుకుంది.

ఆ ధైర్యంతోనే కళాశాలకి వచ్చింది.

"నీ సీటా?" బకనాథం ఆ కాగితం తీసి చూపించాడు. "ఖాళీ అని నువ్వే కదమ్మా రాసిచ్చావు! ఖాళీని ఖాళీగా ఉంచడం నేరం."

"మరి నేనేం చెయ్యాలండి?"

"లాంగ్ టర్మ్‌లో చేరు. నీలాంటి తెలివైన పిల్ల ఒక్క ఏడాది కష్టపడితే సీటు రాకపోదు."

పింగళ బయటికి వచ్చింది. వరండాలో కూర్చుంది.

అప్పుడే పెరట్లోంచి పెద్ద చప్పుడు. భల్లూకేశ్వరం గారు తేనె నాణ్యత పరిశీలించడానికి స్వయంగా చెట్టెక్కి, అంతకంటే వేగంగా దిగారు. విరిగిన కొమ్మ తొడని చీల్చింది. రక్తం ధారకట్టింది. విద్యార్థులందరూ చుట్టూ చేరి గాయాలు ఏడు రకాలని ఏకకంఠంతో అప్పజెప్పారు. ఇది మూడో సంవత్సరం పాఠమని ఒకడు గుర్తుచేశాడు.

"ముద్దూ, నాన్నా! నువ్వు రారా! క్లాసు ఫస్టువి కదరా!" అని మూలిగారు ప్రిన్సిపాలు.

ముద్దుబాబు వచ్చాడు. వంగాడు. రక్తం చూశాడు. చూసి, తన మూడు క్వింటాళ్ళ బరువుతో సహా సరిగ్గా ఆ గాయం మీదే పడ్డాడు. తండ్రిగారి పక్కటెముకలు రెండు టక్కున విరిగాయి.

"పింగళా!" అని అరిచాడు బకనాథం, రెండు కాళ్ళ మీదా నిలబడి, రెండు కళ్ళూ తెరిచి.

పింగళ పరిగెత్తింది. పదిమంది చేత ముద్దుబాబుని పక్కకి లాగించింది. గాయాన్ని అదిమిపట్టి, నారతో కట్టు కట్టి, రక్తం ఆగేదాకా ప్రిన్సిపాలుకి కబుర్లు చెప్పింది.

మూడో రోజున ప్రిన్సిపాలు పడక దగ్గరే సభ జరిగింది. "ఈ పిల్లే లేకపోతే నేను లేను" అని భల్లూకేశ్వరం కన్నీళ్ళు పెట్టుకున్నారు. ఇకనుంచి విద్యార్థులందరికీ ఖాళీ సంవత్సరం తప్పనిసరి అని తీర్మానించారు. దానికొక ప్రవేశ పరీక్ష, ఆ పరీక్షకొక కోచింగ్ సెంటరు, సెంటరుకి డైరెక్టరు బకనాథం, ఫ్లెక్సీ మీద పింగళ ఫొటో.

"మరి నా సీటండి?" అంది పింగళ.

ప్రిన్సిపాలు గోడవైపు తిరిగారు. బకనాథం కళ్ళు మూసుకున్నాడు.

"సీటు ఖాళీ లేదమ్మా. పైగా చదువు లేకుండా వైద్యం చేసినందుకు నీకు మెమో ఇవ్వాలి. ప్రిన్సిపాలు గారు బతికే ఉన్నారు కనక సాక్ష్యం కూడా ఉంది."

పింగళ ఆ మెమో తీసుకుని వాగు దాటింది. వారం తిరక్కుండా మందాకమ్మ గుడిసె ముందు వరసలో, అరిటాకుతో మొహం కప్పుకున్న ఒక భారీ రోగి కుంటుకుంటూ వచ్చి నిలబడ్డాడు. కట్టు మార్పించుకోవాలట. పేరు అడిగితే, అడవి పంది అన్నాడు.

నీతి: డాక్టరు కావాలనుకునేవాళ్ళు వైద్యం నేర్చుకుంటూ ఏడాది వృథా చేసుకోకూడదు.