గుండీలో రాజుగారు

దర్జీకి ఆ ఉదయం ఉన్న పనులు మూడే. తెల్లవారగానే కొత్త కోట్లు రెండూ ఇచ్చి రావాలి. కాఫీ తాగాలి. పదింటికి గ్రంథాలయంలో జరిగే నాణేల సంఘం సభకు వెళ్ళాలి. మొదటి రెండూ సవ్యంగానే జరిగాయి.

ఆయన సేకరించేవి స్పెయిన్, పోర్చుగల్ దేశాల పాతకాలపు బంగారు నాణేలు. సేకరించేవి అనడం కొంచెం ఎక్కువే. ఏ రాజు ముక్కు ఎటు తిరిగిందో, ఏ డాలు మీద ఎన్ని కోటలున్నాయో పుస్తకం నిండా పెన్సిలుతో గీసుకున్నాడు గాని, చేతిలో ఉన్నది ఒక్కటే. పోర్చుగీసువాళ్ళ అర ఎస్కూదో. కోటు గుండీ అంత ఉంటుంది, మీద గిరజాల జుట్టు రాజు. ఇరవయ్యేళ్ళ క్రితం, భార్యకు ఉంగరం చేయిస్తానని కూడబెట్టినదంతా పెట్టి పాత సామాన్ల కొట్లో కొన్నాడు. ఇంటికి వచ్చాక ఆ మాట చెప్పలేకపోయాడు.

"ఇత్తడి బిళ్ళ. ముచ్చటగా ఉంటే తెచ్చా," అన్నాడు.

ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, తెల్లగుడ్డ ముక్కలో చుట్టి గుండీల డబ్బాలో వేసింది. నిజం రేపు చెబుదామనుకున్నాడు. ఆ రేపు ఇంకా రాలేదు.

ఇవాళ సభకు నాణేల పండితుడు వస్తున్నాడు. మధ్యాహ్నం రైలుకే వెళ్ళిపోతాడు. అసలుదని ఆయన ఒక్క మాట అంటే, ఇంటికొచ్చి భార్యకు నిజం చెప్పేయాలని దర్జీ నిశ్చయం. నకిలీ అన్నాడంటే ఇరవయ్యేళ్ళ అబద్ధం కాస్తా నిజమై కూర్చుంటుంది. అది మరీ ఘోరం.

తన కోటు తొడుక్కున్నాడు. ఆ రెండు కోట్లకు తెచ్చిన నీలం గుడ్డలో మిగిలిన ముక్కలు అతికి భార్య కుట్టిపెట్టిన కోటు. జేబులకు గుడ్డ చాలలేదు. డబ్బా మూత తీశాడు. తెల్లగుడ్డ ఉంది. బిళ్ళ లేదు.

"ఏమే, ఆ బిళ్ళ ఏదీ?"

భార్య మిషను ముందు ఉంది. పెదవుల మధ్య నాలుగు గుండుసూదులు.

"ఈ కోటుకే, గుండీగా కుట్టేశా," అని గడ్డంతో చూపించింది.

ఆ గడ్డం ముందు బల్ల మీద, పొద్దున ఇచ్చి వచ్చిన కోట్ల నీలం గుడ్డ పేలికలున్నాయి. రేకు బిళ్ళకు కోటు గుడ్డే చుట్టి, వెనక దారం బిగించి గుండీ చేయడం ఆవిడ చేతిపని. రేకు ఒకటి తక్కువపడి ఉంటుంది. రాజుగారు ఎవరి పొట్ట మీదకో వెళ్ళిపోయారు! గట్టిగా అరుద్దామంటే వీలు లేదు. ఇత్తడి బిళ్ళ కోసం ఎవడేడుస్తాడు? చిన్న కత్తెర తీసి ప్యాంటు జేబులో వేసుకున్నాడు. చిల్లులోంచి అది పాదం మీద పడింది. చేత్తో పట్టుకునే పరుగెత్తాడు. వెనక నుంచి "ఏవండీ!" అన్న కేక గుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది.

మొదటి కోటు బ్యాండు మాస్టరుది.

"గుండీలు వదులుగా పడ్డాయి మాస్టారూ, ఓసారి చూస్తా."

"వదులేంటి మేస్త్రీ? ఊపిరి పీలిస్తే తెగేలా ఉన్నాయి!"

"అదే మరి తప్పు," అంటూ దర్జీ ఆరింటినీ టకటకా కోసి, గుమ్మంలోనే గుడ్డలు విప్పాడు. ఆరూ రేకే.

"సాయంత్రం కచేరీ ఉందయ్యా!"

"వచ్చి కుట్టేస్తా!" అన్న జవాబు వీధి మలుపు నుంచి వినిపించింది.

రెండోది గ్రంథాలయాధికారిది. ఆయన ఆ కోటులోనే వేదిక మీద నిలబడి పండితుణ్ణి సభకు పరిచయం చేస్తున్నాడు. దర్జీ పక్క మెట్ల మీదుగా ఎక్కి, కత్తెర ఆయన పొట్టకు ఆనించాడు.

"సార్, కదలకండి."

ముందు వరసలో ఎవరో కెవ్వుమన్నారు. "నేనేం చేశానయ్యా!" అన్నాడు అధికారి, రెండు చేతులూ ఎత్తి.

"మీరు కాదు సార్, మీ గుండీ."

మూడు గుండీలు తెగేసరికి కాపలాదారు వచ్చి దర్జీ నడుం వాటేసుకున్నాడు. పండితుడు కుర్చీతో సహా వెనక్కి జరిగాడు. అప్పుడే తలుపు దగ్గర, మెళ్ళో టేపుతో, రొప్పుతూ భార్య కనిపించింది.

"ఆయన కోటు కాదండీ! మీ కోటు! మీ కోటనే కదా చెప్పాను!"

"ఈ కోటన్నావు!"

"నోట్లో గుండుసూదులుంటే పెదవులు కలుస్తాయా? పెదవులు కలవందే 'మీ' ఎలా వస్తుంది? సభకి అది పట్టుకెళ్తారని తెలుసు. కోటుకి జేబుల్లేవు, ప్యాంటు జేబు చూస్తే చిల్లు. పారేసుకుంటారని పై గుండీగా కుట్టా."

సభంతా దర్జీ రొమ్ము వంక చూసింది. ఆయన కూడా చూసుకున్నాడు. ఊరంతా తిరిగిన రాజుగారు గుండె మీదే ఉన్నారు.

ఆవిడ కత్తెర అందుకుని దారం తెంపి, గుడ్డ విప్పింది. పండితుడు భూతద్దంలోంచి చాలాసేపు చూశాడు.

"అసలుదే. ఒక్క గీత లేదు. ఎవరు దాచారమ్మా ఇంత జాగ్రత్తగా?"

చప్పట్లు మోగాయి. దర్జీ తల ఎత్తలేకపోయాడు.

"అది... ఇత్తడి కాదే," అన్నాడు మెల్లగా.

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"మొదటి వానాకాలం నుంచి. ఇత్తడైతే గుడ్డకి పచ్చ మరక పట్టాలిగా? ఏటా గుడ్డ మార్చా. ఒక్కసారీ పట్టలేదు."

"మరి అడగలేదేం?"

"మీరే చెబుతారని." ఆవిడ బిళ్ళను అరచేతిలోకి తీసుకుంది. "అయినా ఏడాదికోసారి ఆ గిరజాలాయన్ని చూడ్డం నాకూ అలవాటైపోయింది లెండి."

"కరిగించి నీకు ఉంగరం చేయిస్తా," అన్నాడు దర్జీ. పండితుడు కుర్చీలోంచి సగం లేచాడు.

"కూర్చోండి బాబూ, ఆయన్నెవరూ కరిగించరు," అంది ఆవిడ. పైటకు గుచ్చిన సూది తీసి, రాజుగారికి మళ్ళీ నీలం గుడ్డ చుట్టి, మొగుడి కోటుకు అక్కడే నిలబడి కుట్టింది. ముప్ఫయ్యేళ్ళుగా జనాన్ని "కదలకండి" అంటూ వచ్చిన దర్జీ మొదటిసారి కదలకుండా నిలబడ్డాడు. ఆవిడ ముడి వేసి, వంగి, ఆయన గుండె దగ్గర దారం పంటితో కొరికింది.

ఆ సాయంత్రం బ్యాండు మాస్టరు ఒక చేత్తో కోటు పట్టుకుని, రెండో చేత్తోనే కచేరీ అంతా నడిపించాడు. ఎప్పటికన్నా బాగా వచ్చిందన్నారు.