పూతరేకుల మిషనూ, అంతర్జాతీయ ముఠా

“గోదావరి జిల్లాల్లో ఇంకా నేరమనేది మిగిలుందంటే, అది నా కంట పడక బతికిపోయిందన్నమాట,” అని ప్రకటించాడు అచ్చిబాబు. వాడు డిటెక్టివ్. అలాగని వాడే చెప్పాడు. నేను వాడి స్నేహితుణ్ణి, హరిబాబుని. నా తప్పేం లేదు, బళ్లో ఒకే బెంచీలో కూర్చోబెట్టారు.

ఆత్రేయపురంలో మా పక్కింటి వీరవేణిగారు పూతరేకులు తీసే మిషను కనిపెట్టి, మన దేశంలో పేటెంటుకి పెట్టారు. ఏడాదిలోపు బయటి దేశాలకీ పెట్టుకోవాలట. ఈ గొడవ జరిగిన రోజుతో ఆ గడువు సరి. దాటిందా, అక్కడ ఎవడు ఆ మిషను చేసుకున్నా ఆవిడ చూస్తూ కూర్చోవాలి. ఇది తెలిసిన దగ్గర్నుంచీ అచ్చిబాబు వీధి చివరున్న మిషను షెడ్డుకి కాపలా కాస్తున్నాడు. కాయమని ఎవరూ అడగలేదు.

ఆరోజు మధ్యాహ్నం ఆయాసపడుతూ మా ఇంటికొచ్చాడు.

“అంతర్జాతీయ ముఠా దొరికిందిరా హరీ. షెడ్డు దగ్గర ఒకడు ఫోన్లో, ‘జపాన్, జర్మనీ సంగతి తర్వాత నేషనల్ ఫేజ్‌లో చూసుకుందాం’ అంటున్నాడు.”

“అయితే?”

“ఫేజ్ అంటే కరెంటు కదరా. కరెంటు తీసేసి మిషను ఎత్తుకుపోతారు. మిషను పక్కన నిలబడండి, ఫొటో తీస్తానని వాడి ఫోనే తీసుకుని, బయట తాళం వేసేశా.”

వాణ్ణి లాక్కుని వీరవేణిగారింటికి పరిగెత్తాను. ఆవిడ గుమ్మంలోనే నిలబడి ఉన్నారు.

“విశాఖపట్నం నుంచి పేటెంటు ఏజెంటు ఫిన్నీగారు రావాలండి. జాడ లేదు.”

అచ్చిబాబు గొంతు సవరించుకున్నాడు. “ఆయన్ని ముఠావాళ్లే మాయం చేసుంటారండి. కంగారుపడకండి, వాళ్ల నాయకుడు నా అదుపులోనే ఉన్నాడు.”

ఆవిడ వినిపించుకోకుండా మళ్లీ ఫోన్ చేశారు. అచ్చిబాబు జేబు మోగింది.

“తీయండి,” అన్నారావిడ, చాలా నెమ్మదిగా.

వాడు తీసి చూశాడు. “మీరేనండి,” అన్నాడు.

షెడ్డు తాళం తీసేసరికి ఫిన్నీగారు నేలమీద కూర్చుని మిషను డ్రమ్ము తిప్పుతున్నారు. తిడతారనుకున్నాం.

“రేకు చిరక్కుండా ఊడొచ్చేది ఈ స్ప్రింగు కుదుపు వల్లే కదండీ? నాకు చెప్పనేలేదే,” అన్నారు.

“అదేం గొప్పనుకున్నానండి,” అన్నారు వీరవేణిగారు.

“అసలు కనిపెట్టిందే అదండీ. అది రాయకపోతే ఎవరైనా కాస్త మార్చి చేసేసుకుంటారు. తాళం పడబట్టి చూశాను గానీ, లేకపోతే కాగితాలు పంపేసి వెళ్లిపోయేవాణ్ణి.”

పొద్దుగూకేలోపు స్ప్రింగుతో సహా అంతర్జాతీయ దరఖాస్తు వెళ్లిపోయింది. ఆ తర్వాత ఒక్కో దేశంలో విడివిడిగా పెట్టుకోవడాన్నే నేషనల్ ఫేజ్ అంటారట. అచ్చిబాబు కాలరు సవరించుకున్నాడు.

“చూశారా, నా పద్ధతే వేరండి.”

“మీ పద్ధతికి పేటెంటు అక్కర్లేదండి,” అన్నారు వీరవేణిగారు. “ఏ దేశంలోనూ ఎవరూ కాపీ కొట్టరు.”

వాడు వినయంగా తలవంచి దండం పెట్టాడు.