గొట్టం చివర మాగాణి

సృష్టిలో ఏ నూనె మండినా నీరు పుడుతుంది. పుట్టిన ప్రతి నీటిబొట్టూ ప్రభుత్వానిదే. ఈ సత్యం ఆధారంగా 1961లో నరసరావుపేటలో దహనోదక శాఖ వెలసింది. (అంతకుముందు ఆ గదిలో విరిగిన కుర్చీలు పడేసేవారు. ఇప్పుడూ అవే ఉన్నాయి, కాకపోతే మనుషులు కూర్చుంటున్నారు.)

ఈపూరు రైతు ఏలియాకు సత్యంతో అంత అవసరం లేదు. ఆయన మిరపతోట తలలు వాల్చేసింది. బావిలో నీళ్లున్నాయి, వాటిని తోడే ఆయిలింజనుంది, అందులో పోయడానికి డీజిల్ లేదు. డీజిలుకు పర్మిట్ కావాలి. అది మెట్ట పొలాలకే ఇస్తారు. మాగాణికి కాలవ ఉంటుంది కాబట్టి ఇవ్వరు. ఏలియాది పక్కా మెట్ట. (మా వైపు కాలవ అప్పటికి కాగితాల మీద బాగానే పారుతోంది.)

ఏలియా అర్జీ పెట్టాడు. విచారణకు దహనోదక శాఖ ఇన్‌స్పెక్టరు శేషగిరిరావు గారు స్వయంగా పొలానికి వేంచేసి, ఇంజను ఆడించమన్నారు. అడుగున మిగిలిన కాస్త డీజిలుతో ఏలియా ఆడించాడు. గొట్టం నల్లగా పొగ కక్కింది.

"నల్లపొగ అంటే నూనెకు గాలి చాలలేదని. డీజిలుకు పర్మిట్ అడిగావు, గాలికి అడగలేదేం?"

"గాలికి కూడానా అయ్యా?"

"ప్రస్తుతానికి వదిలేస్తున్నా."

పొగ పలచబడ్డాక, ఇన్‌స్పెక్టరు గారి దాహానికని ఏలియా భార్య దేవమ్మ తెచ్చిన చల్లటి ఇత్తడి చెంబును ఆయన గొట్టం ముందు పట్టారు. చెంబు చెమర్చింది.

"చూశారా? డీజిల్లో హైడ్రోజన్ ఉంటుంది. మండేటప్పుడు గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి నీరవుతుంది. డబ్బా మండితే ఇంచుమించు డబ్బాడు నీళ్లు."

"ఆవిరై పైకి పొయ్యేదాన్ని మొక్క ఎట్టా తాగుద్దయ్యా?" అంది దేవమ్మ.

"ఎటు పోయిందో మాకు సంబంధం లేదమ్మా. పుట్టుక వరకే మా శాఖ."

పొలంలోనే నీరు పుడుతోంది కనుక ఏలియాది మాగాణి అని తేల్చారు. పర్మిట్ రాలేదు. ఏలియా బస్సెక్కి పేటకు వెళ్లి మొరపెట్టుకోబోయాడు. మెట్ట రైతుల మొరలే వింటామని, మాగాణి వాళ్లు బయట ఉండాలని బంట్రోతు చెప్పాడు.

తోట నిలువునా ఎండింది. ఏలియా గట్టు మీద కూర్చుని ఏడ్చాడు. పక్క చేలోంచి చూసిన నాకు కడుపు రగిలింది, అయితే అందులోనూ నీరు పుడుతుందేమోనని నోరు మూసుకున్నాను. చివరికి ఆయన ఎండు మొక్కలు పీకి, కుప్పేసి నిప్పు పెట్టాడు.

పొగ చూసి ఇన్‌స్పెక్టరు గారు మళ్లీ వచ్చారు. ఈసారి చెంబు ఆయనే తెచ్చుకున్నారు. మంట పైన పట్టారు. చెమర్చింది.

ఏలియా పొలానికి రెండో పంటకు కూడా నీరు అందినట్టు ధ్రువీకరించి వెళ్లారు.