బెల్టు తెగిన ఊరికి పునరుజ్జీవనం

ఒక ఊరు బతికి ఉందో లేదో ఆ ఊళ్ళో ఉండేవాళ్ళు తేల్చుకోలేరు. పొద్దున లేవడం, పొలానికి పోవడం, పశువుల్ని తిట్టడం, తిని పడుకోవడం లాంటి చిల్లర పనుల్లో మునిగి ఉంటారు కాబట్టి అంత పెద్ద విషయం వాళ్ళ కంటికి ఆనదు. అందుకే లోకం ఆ బాధ్యతను సామాజిక వ్యవస్థాపకులకు అప్పగించింది. వాళ్ళు జీపులో వస్తారు, దిగుతారు, నాలుగు దిక్కులా చూస్తారు, ఊరు చచ్చిపోయిందని ప్రకటిస్తారు. ఆ తర్వాత బతికిస్తారు. (మొదటి పని జరక్కపోతే రెండో పనికి నిధులు రావు.)

కొండ మీద అరవై రెండు గడపల మా ఊరు చచ్చిపోయిన సంగతి మాకు ఒక మంగళవారం పొద్దున తెలిసింది.

ఆ కబురు తెచ్చినాయన మంచివాడు. బూట్లకు బురద అంటినా సంబరపడేవాడు. పేడకుప్పను చూసి "అద్భుతం!" అన్నాడు. కూలిన గోడను చూసి "అద్భుతం!" అన్నాడు. గొర్రె తన ఫారం తింటుంటే కూడా అదే మాట అన్నాడు. మధ్యాహ్నానికల్లా ఆయనకు అద్భుతం బాబు అనే పేరు ఖాయమైంది. వెంట వచ్చిన ఉద్యోగిని చేతిలో కాగితాలు తప్ప మరొకటి ఎవరూ చూడలేదు గనుక ఆమె ఫారాల మేడం అయింది.

నిజానికి ఆ మంగళవారం నాటికి ఊరికున్న ఇబ్బంది ఒక్కటే. పిండిమర బెల్టు తెగింది.

ఆ మర, ఊరంతా పిండి పిన్ని అని పిలిచే ఆవిడది. భర్త పోయినప్పటి నుంచి, అంటే పన్నెండేళ్ళుగా, ఆమే నడుపుతోంది. ఊరందరి పిండీ ఎగిరి ఆమె తలమీదే వాలడం వల్ల ఆమె జుట్టు అసలు రంగేమిటో ఇంట్లో అత్తకు తప్ప ఎవరికీ తెలియదు. కోతలకు ఇంకా నెల ఉంది. మూడు గంటల నడక దూరాన, కొండ కింద, ఇంకో మర ఉంది. దాని ఆసామి అప్పుడే కబురు పెట్టాడు: "పిండి మా దగ్గర పట్టించుకోండి, బస్తాలు గాడిదల మీద నేనే దించుకుంటా." కోతల గింజలు ఈసారి అటు దిగాయంటే పిన్ని మరకు ఇక తాళమే.

అందుకే ఆ పొద్దున పిన్ని తెగిన బెల్టును చుట్టచుట్టి సంచిలో పెట్టుకుంది. డబ్బు కొంగున ముడేసుకుంది. పట్నంలో అంగడివాడికి పాత బెల్టు చూపిస్తే అదే కొలతది కొత్తది ఇస్తాడు. మర్నాటికి మర తిరిగేది. ఊరు ఎవరి సాయమూ లేకుండా హాయిగా చచ్చిపడి ఉండేది.

సరిగ్గా అప్పుడే ఆమె గడప ముందు జీపు ఆగింది.

"సంచిలో ఏంటమ్మా?" అన్నాడు అద్భుతం బాబు.

"బెల్టండీ. తెగిపోయింది. కొత్తది తెచ్చుకోవాలి."

"అద్భుతం! మేడం, అవసరానికి సాక్ష్యం దొరికింది."

మేడం బెల్టుకు చీటీ కట్టి, దాని మీద సాక్ష్యం నెంబరు ఒకటి అని రాసి, జీపు వెనక పెట్టించింది. "ఇది మా కార్యాలయంలో ఉంటుంది. మీ అవసరం తీరిన రోజున వాపసు ఇస్తాం."

"అది లేకపోతే నా అవసరం ఎట్లా తీరుతుందండీ? కొలత దాంట్లోనే కదా ఉంది?"

"మీరు కంగారు పడొద్దమ్మా. సర్వే కాకముందే మీ అంతట మీరు బాగుచేసేసుకుంటే, ఊరు ఎంత పాడైందో మాకెలా తెలుస్తుంది?"

ఆ మాట న్యాయంగానే వినబడింది. పిన్ని సంచి మళ్ళీ మేకుకు తగిలించింది.

సర్వేలో నూట పన్నెండు ప్రశ్నలు. ఇక్కడ మా ఊరి సంగతి ఒకటి చెప్పాలి. గడప ముందుకు వచ్చిన మనిషితో లేదు అనే మాట మేము అనము. ఉప్పు నిండుకున్నా సరే, "ఉంది, కూర్చోండి" అని చెప్పి పెరటిదారిన పక్కింటికి పరిగెత్తుతాం. ఇంట్లో లేమి ఇంట్లోవాళ్ళకే. కొండెక్కి వచ్చినవాళ్ళ నెత్తిన అది కూడా పెట్టడం మర్యాద కాదు.

"నీళ్ళకు ఇబ్బంది ఉందా?"

"ఎంతమాట! మీకేమైనా కావాలా?"

"ఆరోగ్యం ఎలా ఉంది?"

"మహారాజుల్లా ఉన్నామండీ" అంది పిన్ని అత్త, రెండు దగ్గుల మధ్య. (దగ్గుకు ఫారంలో గడి లేదు.)

"ఇంట్లో పిండి ఉందా?"

"బోలెడు" అంది అత్త. అది పక్కింట్లో అడిగి తెచ్చిన చారెడు.

ఫలితాలు వచ్చాయి. ఊరి తృప్తి నూటికి తొంభై తొమ్మిది. ఇంతటి తృప్తి చచ్చిపోయిన ఊళ్ళకు ఉండటానికి వీల్లేదని కేంద్ర కార్యాలయం కోప్పడింది. నియమావళిలో ఏడో అంశం ప్రకారం లబ్ధిదారుడు తన లేమిని తన నోటితోనే చెప్పాలి. చెప్పడం రాకపోతే నేర్పించాలి. అలా బడి వరండాలో మూడు రోజుల లేమి వ్యక్తీకరణ శిక్షణ శిబిరం మొదలైంది. మనిషికో పుస్తకం, పెన్ను, మెడలో వేసుకునే బిళ్ళ.

రెండో రోజు అభ్యాసం. మేడం అతిథిగా నటించింది. పిన్ని అత్త ఇంటావిడగా, అంటే తనలాగే, నటించాలి.

"అమ్మా, నేను మీ ఇంటికి వచ్చాను. పిండి ఉందా అని అడిగాను. మీరేమంటారు?"

"ఉంది తల్లీ, కూర్చో."

"కాదమ్మా. లేదు అనాలి."

"కొండెక్కి వచ్చావు. ఆకలి మీద ఉంటావు. లేదని ఎట్లా అంటానే?"

"ఇది ఉత్తుత్తి ఆటమ్మా. నిజంగా నాకు ఆకలి లేదు."

"అట్లా మొహమాటపడితే ఎట్లా?" అని ముసలావిడ కోడలి వైపు వంగి, అందరికీ వినబడేలా గుసగుసగా అంది: "ఈ పిల్లకి వాళ్ళింట్లో ఎవరూ తిండి పెట్టరేమోనే. నిన్నటి నుంచీ పిండి పిండి అని ఒకటే గోల."

అత్త తప్పింది. పిన్నికి మాత్రం లేదు అనడంలో నూటికి తొంభై వచ్చాయి.

మిగతా ఊరంతా పుస్తకం మీద పడింది. మా బడి మాకు నేర్పిన విద్య ఒక్కటే, పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు అప్పజెప్పడం. ఆ పుస్తకంలో మూడో పేజీన నమూనా జవాబులు అచ్చువేశారు. రెండో సర్వేకు మేడం గడప గడపకూ వెళితే, ఇంటింటా అవే మాటలు వినబడ్డాయి: మాకు మా కథ చెప్పుకునే వేదిక లేదు. సందర్శకులు ఫొటోలు దిగే చోటు లేదు. కమ్మరి మామ అయితే నిటారుగా నిలబడి, "నమూనా జవాబు, మూడో పేజీ" అని శీర్షికతో సహా అప్పజెప్పి, మార్కులు ఎన్ని వచ్చాయని అడిగాడు.

పిన్ని ఒక్కతే పుస్తకంలో లేని జవాబు రాసింది. "బెల్టు" అని. అరవై రెండు ఇళ్ళలో ఒక ఇల్లు కాబట్టి దాన్ని లెక్కల్లో దొర్లిన పొరపాటుగా భావించి తొలగించారు.

"ఎందుకమ్మాయ్ వాళ్ళతో?" అన్నాడు కమ్మరి మామ. "రెండు చక్రాల చుట్టూ తాడు తిప్పి, ముడేసి, ఆ తాడు పట్టుకెళ్ళు. కొలత కొలతే కదా?"

ఇద్దరూ కలిసి తాడు కొలిచారు. పిన్ని దాన్ని భుజాన వేసుకుని వీధి మలుపు దాకా వెళ్ళింది. అక్కడ అద్భుతం బాబు ఎదురయ్యాడు.

"ఇదేంటమ్మా?"

"కొలత తాడండీ."

ఆయన కళ్ళు చెమర్చాయి. "అద్భుతం! కాగితం లేదు, టేపు లేదు, ఒక్క తాడు! ఈ విజ్ఞానం మీతోనే అంతరించిపోకూడదు." తాడు అద్దాల పెట్టెలోకి వెళ్ళింది. (సాక్ష్యం నెంబరు రెండు.)

పిన్ని ఇంకో తాడు పేనుకుంది. ఆ సాయంత్రం ఆయనే స్వయంగా ఇంటికి వచ్చాడు. ఎండన పడి నడిచి వచ్చాడు. గడప ముందు నిలబడ్డాడు. ఊరికి వేదిక, ఫొటోల చోటు, రెండూ ఒకే కప్పు కింద కట్టాలని కేంద్ర కార్యాలయం నిర్ణయించిందనీ, దానికి మర గది కన్నా అనువైనది లేదనీ చెప్పాడు.

"కొన్నాళ్ళు మీ మర మాకు ఇస్తారా అమ్మా?"

లేదు అనడంలో నూటికి తొంభై వచ్చింది బడి వరండాలో. ఇక్కడ మనిషి గడప ముందు ఉన్నాడు, మొహం ఎర్రగా కందిపోయి ఉంది, ఇంకా మంచినీళ్ళు కూడా తాగలేదు. పిన్ని నోరు తెరిచింది. లోపల్నుంచి అత్త అంది: "ఎవరే వచ్చింది? కూర్చోమను."

"మీకన్నా ఎక్కువా బాబూ" అంది పిన్ని.

మర్నాడు మర గదికి తాళం పడింది. లోపలి చక్రాలు వారసత్వ సంపద గనుక ముట్టుకోరాదని బోర్డు పెట్టారు. రెండో తాడు ఇంటి దూలానికి వేలాడుతూ ఉండిపోయింది.

నెల తిరిగింది. కోతలయ్యాయి. గింజలు ఇళ్ళలో బస్తాలకెక్కాయి. జనం కొండ కిందికి దిగలేదు. ఈ హడావుడి అంతా మర కోసమే కదా, నేడో రేపో పిన్ని మర తిరుగుతుందని ఆగారు. ఈలోగా పిన్ని జుట్టు మీది పిండి రాలిపోయి నల్లగా తేలింది. పదేళ్ళు చిన్నదైనట్టు కనబడింది. ఆ సంగతి మధ్యంతర నివేదికలో మహిళల ఆరోగ్యం అనే శీర్షిక కింద ఫొటోలతో సహా చేరింది.

పిండిమర అనుభవ కేంద్రం ప్రారంభోత్సవానికి పట్నం నుంచి రెండు బస్సుల్లో అతిథులు వచ్చారు. గోడలకు సున్నం, పైన దీపాలు, మధ్యలో అద్దాల పెట్టెలో తాడు, దాని పక్కన పిన్ని. ఆమె కథకురాలు. జుట్టు మరీ నల్లగా ఉంటే నిజమైన మర అనిపించదని మేడం గుప్పెడు పౌడరు తెచ్చి ఆమె తలమీద జల్లింది.

సరిగ్గా పదింటికి అద్భుతం బాబు మీట నొక్కాడు. కప్పు మీద బిగించిన స్పీకర్లలోంచి మర చప్పుడు మొదలైంది. కుక్, కుక్, కుక్. పొలాల దాకా వినబడింది.

పావుగంటలో వీధి నిండిపోయింది. నెత్తిన బస్తాతో ఒకరు, చంకన బుట్టతో ఒకరు, సైకిలు మీద మూట కట్టుకుని ఒకరు. ఎవరూ చెప్పకుండానే వరస కట్టారు. అద్భుతం బాబుకు ఈసారి ఆ మాట కూడా నోట రాలేదు. అతిథులు కుర్చీలెక్కి ఫొటోలు తీశారు.

వరసలో ముందున్న పొరుగింటి వదిన బస్తా దించి చెమట తుడుచుకుంది. "ఏమే, బెల్టు వచ్చిందని ఒక్క మాట చెప్పలేదే! తొందరగా పోసుకో, ఇంట్లో పిల్లలు ఎదురుచూస్తున్నారు."

పిన్ని గడప మీద నిలబడింది. వెనకాల మర చప్పుడు చేస్తూనే ఉంది.

"లేదు వదినా."

"ఏం లేదు?"

"మర లేదు. అది డబ్బాలో చప్పుడు."

(మేడం ఫారం తీసి, శిక్షణ ఫలించింది అనే గడిలో టిక్కు పెట్టింది.)

వదిన కాసేపు ఆ స్పీకర్ల వైపు చూసింది. తర్వాత బస్తా మళ్ళీ నెత్తికెత్తుకుంది. వరస ఉన్నది ఉన్నట్టు తిరిగి, అలాగే కొండ దిగడం మొదలుపెట్టింది. పిన్ని తల విదిలించి పౌడరు దులుపుకుంది, ఇంటికెళ్ళి తన బస్తా తెచ్చుకుని ఆఖర్న కలిసింది. కింది మర ఆసామికి గింజలు పోయడానికి చెయ్యి తిరిగిన మనిషి కావాలట. ఆ రోజు నుంచి ఆమె అక్కడే కూలికి కుదిరింది. చీకటితో దిగుతుంది, పొద్దుగూకాక ఎక్కుతుంది.

వార్షిక నివేదిక రంగుల్లో వచ్చింది. అట్ట మీద ఆ వరస ఫొటో వేశారు. లోపల ఫలితాల పట్టికలో ఇలా రాశారు: పిండిమర వద్ద గ్రామస్థులు వేచి ఉండాల్సిన సగటు సమయం పునరుజ్జీవనానికి ముందు గంటంబావు, తర్వాత సున్నా.